చెవిన పడ్డ పదం గుర్తుండాలంటే: పరీక్షల వొకాబులరీకి చిన్న ఆడియోలు ఎలా పనికొస్తాయి

'ఎనర్వేట్' అనే మాటని నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విదేశాల్లో పీజీ చదువుల కోసం రాసే జీఆర్ఈకి చదివే రోజుల్లో ఫోన్‌లో ఎక్కించుకున్న పదాల ఆడియోలో అది నాలుగో పదం. నడిచేటప్పుడల్లా మొదటినుంచీ పెట్టేవాణ్ణి కాబట్టి మొదటి పదిహేను పదాలూ పాట పల్లవిలా నోటికొచ్చేశాయి. మాక్ టెస్ట్‌లో ఓ ఖాళీకి ఇచ్చిన ఐదు మాటల్లో అది కనబడగానే తెలిసిన మనిషి ఎదురైనంత ధైర్యం వచ్చింది. 'ఎనర్జీ'కి దగ్గరగా వినిపిస్తోంది కదా, ఉత్సాహం నింపడం అయ్యుంటుందని టిక్ పెట్టేశాను. అసలు అర్థం పూర్తిగా తలకిందులు: సత్తువ లాగేయడం, నీరసపరచడం.

ఆ రోజు ఆడియోని మళ్లీ పెట్టి, ఈసారి శ్రద్ధగా విన్నాను. ఒక గొంతు పదం చెబుతుంది, వెంటనే అర్థం చెబుతుంది, వెంటనే తర్వాతి పదానికి వెళ్లిపోతుంది. పదానికీ అర్థానికీ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఖాళీ కూడా లేదు. అన్ని వారాల్లో ఆ మాటకి అర్థం ఏమిటని నన్నెవరూ ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. మొదటిసారి అడిగింది పరీక్షే.

చిన్న ఆడియోలతో పదాలు నేర్చుకోవడం గురించి నేను చెప్పదలుచుకున్నదంతా ఆ లేని ఖాళీ చుట్టూనే తిరుగుతుంది. నిమిషం, నిమిషంన్నర నిడివి ఉన్న రికార్డింగ్ ఒక్కో పదానికి ఒకటి ఉంటే దాంతో చాలా పని జరుగుతుంది. కానీ అది మన చేత సమాధానం చెప్పించాలి. మనం నోరు మెదపకముందే తనే చెప్పేసే రికార్డింగ్ ఎంత బాగున్నా చెవికి ఇంపుగా ఉంటుంది, అంతే.

పరీక్ష అడుగుతున్నది ఏమిటి

ముందు దీన్ని తేల్చుకోవాలి. ఎందుకంటే చాలామంది వాడే పదాల లిస్టులు ఇప్పుడు లేని పరీక్ష కోసం తయారైనట్టు ఉంటాయి. ఒకప్పుడు పదాన్ని ఒంటరిగా ఇచ్చి దానికి వ్యతిరేక పదం ఏదని అడిగేవారు. అమెరికా కాలేజీల్లో డిగ్రీ ప్రవేశానికి రాసే శాట్‌లో ఆ ప్రశ్నలు 1994లో పోయాయి. పోలికల ప్రశ్నలు 2005లో, ఖాళీలు పూరించే వాక్యాలు 2016లో తీసేశారు. ఇప్పటి డిజిటల్ శాట్‌లో 25 నుంచి 150 పదాల చిన్న పేరా ఇచ్చి, ఫలానా చోట ఏ మాట అతుకుతుందని అడుగుతారు. జీఆర్ఈ కూడా 2011 ఆగస్టులో వ్యతిరేక పదాలనీ పోలికలనీ వదిలేసింది. ఇప్పుడు అందులో వాక్యంలో ఖాళీలు ఉంటాయి. ఇంకో రకం ప్రశ్నలో ఆరు మాటలిచ్చి, ఏ రెండు పెడితే వాక్యానికి ఒకే అర్థం వస్తుందో చెప్పమంటారు. ఒకటి సరిగ్గా చెప్పి రెండోది తప్పితే మార్కు రాదు.

2023 సెప్టెంబరు నుంచి జీఆర్ఈని 1 గంట 58 నిమిషాలకి కుదించారు. వెర్బల్‌లో, అంటే భాష భాగంలో, 27 ప్రశ్నలకి 41 నిమిషాలు. సగటున ప్రశ్నకి ఒకటిన్నర నిమిషం. పేరాలు చదవడం కూడా అందులోనే. కాబట్టి పదం కనబడ్డాక దాని అర్థం కోసం తడుముకునే టైమ్ ఉండదు, కళ్లు వాక్యం చివరికి చేరేలోపు తట్టాలి.

ఇంకో చిక్కు ఉంది. పరీక్షలో దెబ్బతీసేవి ఎప్పుడూ వినని మాటలే కానక్కర్లేదు. 'క్వాలిఫై' అంటే అర్హత సాధించడం అని అందరికీ తెలుసు. కానీ 'క్వాలిఫైడ్ ప్రెయిజ్' అంటే అర్హత ఉన్న పొగడ్త అని కాదు. బాగుంది గానీ... అని నసుగుతూ, షరతులు పెట్టి ఇచ్చిన పొగడ్త. 'చెక్' చేయడం అంటే అదుపులో పెట్టడం, 'టెంపర్' చేయడం అంటే తీవ్రత తగ్గించడం, 'ఫ్లాగ్' అవడం అంటే నీరసించడం. కష్టమైన పదాల లిస్టులో వీటికి చోటు దొరకదు. ఎవరైనా ఆడియోలు తయారుచేసుకుంటే మొదటి ఇరవైలో ఇలాంటి తేలిక మాటలు పెట్టుకోమనే నేను చెబుతాను. వీటికి నిఘంటువు అర్థం కంటే వాక్యం ముఖ్యం, వాక్యం వినడానికి ఆడియోని మించింది లేదు.

చెవికి ఎంత బలం ఉంది

కొత్త భాష మాటని తలలోకి తెచ్చుకోవడంలో చెవిది పెద్ద పాత్రే. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్ 1974లో ప్రతిపాదించిన వర్కింగ్ మెమరీ (చేస్తున్న పని కోసం అప్పటికప్పుడు పట్టి ఉంచుకునే జ్ఞాపకం) నమూనాలో శబ్దాల కోసం ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. విన్న ధ్వనిని అది కాసేపు పట్టుకుని ఉంచుతుంది, లోపల్లోపల తిప్పి తిప్పి అనుకుంటూ నిలుపుతుంది. ఫోన్ నంబర్ రాసుకునేదాకా పెదాలు కదుపుతూ అనుకుంటామే, అదే. 1975లో బాడ్లీ బృందం చూపించిన దాని ప్రకారం, సుమారు రెండు సెకన్లలో నోటితో అనగలిగినంత మేరకే ఇది మోయగలదు.

1988లో బాడ్లీ, పపాన్యో, వల్లార్ ప్రచురించిన పరిశోధన నాకు ఎప్పుడూ గుర్తుండిపోతుంది. మెదడు దెబ్బతిని ఈ ధ్వనుల భాగం సరిగ్గా పనిచేయని ఒక ఇటాలియన్ మహిళని వాళ్లు పరిశీలించారు. తెలిసిన ఇటాలియన్ మాటల్ని జంటలుగా ఇస్తే అందరిలాగే నేర్చుకుంది. కానీ తెలియని రష్యన్ మాటని వినిపించి, దాని ఇటాలియన్ అర్థంతో కలిపి గుర్తుపెట్టుకోమంటే మాత్రం నేర్చుకోలేకపోయింది. కొత్త ధ్వనిని ఆ రెండు సెకన్లు పట్టుకోలేకపోతే దానికి అర్థాన్ని తగిలించేందుకు కొక్కెమే ఉండదన్నమాట.

కొత్త పదాన్ని లిస్టులో కళ్లతో చూసి వదిలేసేవాళ్లకి వచ్చే ఇబ్బంది కూడా ఇక్కడే. పలకడం రాని మాటని మనసు దాటేస్తుంది. చదువుతూ పోతుంటే పొడుగాటి పదాన్ని మొదటి అక్షరం, చివరి అక్షరం, మధ్యలో ఏదో గందరగోళం అన్నట్టు గుర్తుపెట్టుకుంటాం. అలాంటి రెండు పదాలు పక్కపక్కన వస్తే కలిసిపోతాయి. 'మిటిగేట్', 'మిలిటేట్' చాలామందికి అలాగే కలిసిపోతాయి. నోటికి తిరిగిన పదం అలా కలవదు.

ఇంతవరకూ ఆడియోది పైచేయే. అయితే ధ్వని గుర్తుండటం వేరు, ఆ ధ్వని వినగానే అర్థం తట్టడం వేరు. 'ఎనర్వేట్' నాకు ధ్వనిగా నూటికి నూరుపాళ్లూ వచ్చు.

ఆ నాలుగు సెకన్లు

2008లో జెఫ్రీ కార్పికీ, హెన్రీ రోడిగర్ 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకి 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లిష్ అర్థాలు ఇచ్చారు. ఒక పదాన్ని ఒకసారి సరిగ్గా చెప్పగలిగాక, కొందరు దాన్ని మళ్లీ చదవడం మానేశారు గానీ దాని మీద తమని తాము పరీక్షించుకోవడం మానలేదు. ఇంకొందరు చదువుతూనే ఉన్నారు, పరీక్షించుకోవడం ఆపేశారు. వారం తర్వాత చూస్తే, పరీక్షించుకుంటూ వచ్చినవాళ్లకి సుమారు 80 శాతం గుర్తున్నాయి. పరీక్ష ఆపేసి చదువు మాత్రం కొనసాగించినవాళ్లకి 36 శాతం. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి: ఎన్ని గుర్తుంటాయనుకుంటున్నారని ముందే అడిగితే, అన్ని గుంపులవాళ్లూ దాదాపు సగం అనే చెప్పారు. ఏ పద్ధతి పనిచేస్తోందో, ఏది పనిచేయడం లేదో చదివేవాళ్లకి లోపలినుంచి తెలియలేదు.

పదాల ఆడియోల్లో జరిగే మోసం ఇదే. రెండోసారి విన్నప్పుడు పదం వస్తుంది, అర్థం వస్తుంది, 'అవును, ఇది తెలుసు' అనిపిస్తుంది. ఆ 'తెలుసు' నిజానికి 'ఇంతకుముందు విన్నాను' మాత్రమే. మూడోసారి ఇంకా గట్టిగా తెలుసనిపిస్తుంది. వినే కొద్దీ ధైర్యం పెరుగుతుంది, గుర్తు మాత్రం పెద్దగా పెరగదు.

అందుకే రికార్డింగ్‌లో పదం చెప్పాక నాలుగైదు సెకన్లు ఏమీ వినిపించకూడదు. వింటున్నప్పుడు నాలుగు సెకన్లు చాలా పొడుగ్గా, కాస్త ఇబ్బందిగా అనిపిస్తాయి. ఆ ఇబ్బందిలోనే మనసు వెతుకుతుంది. దొరికితే గొంతు చెప్పేలోపు మనం పైకి చెప్పేయాలి. దొరక్కపోయినా నష్టం లేదు, తప్పు చెప్పినా పర్వాలేదు, వెంటనే సరైన జవాబు వినిపిస్తుంది కదా. ఎవరో తయారుచేసిన ఆడియోలో ఖాళీ లేకపోతే పదం పూర్తికాగానే పాజ్ నొక్కితే సరిపోతుంది. బొటనవేలితో చేసే ఈ పని చిన్నదే గానీ, నా అనుభవంలో మిగతా చిట్కాలన్నీ కలిపినా దీనికి సరితూగవు.

ఒక రికార్డింగ్ లోపల ఏం ఉండాలో దగ్గరగా చూద్దాం. పదం 'ఆస్ట్రసైజ్' అనుకోండి.

మొదట పదం, రెండుసార్లు, నిదానంగా. ఒక సెకను ఆగి మళ్లీ మామూలు వేగంతో ఇంకోసారి. తర్వాత నాలుగు సెకన్లు ఖాళీ. అప్పుడు తెలుగులో ఒకే ఒక్క ముక్క: 'వెలివేయడం'. ఇక్కడ నిఘంటువులో ఉన్న మూడు లైన్ల నిర్వచనం చదవకూడదు. 'సమూహం నుంచి ఒక వ్యక్తిని ఉద్దేశపూర్వకంగా మినహాయించుట' అంటే చెవి మధ్యలోనే వదిలేస్తుంది. 'వెలివేశారు' అంటే కళ్ల ముందు మనిషి కనిపిస్తాడు. ఆ తర్వాత కథ, ఇరవై సెకన్లకి మించకుండా: క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో ఏథెన్స్ పౌరులు, ఊళ్లో ఉండకూడదనుకున్న నాయకుడి పేరుని కుండ పెంకు మీద గీసి ఓటు వేసేవారు. ఓడినవాడు పదేళ్లు నగరం వదిలి పోవాలి. ఆ పెంకుని గ్రీకులో 'ఓస్ట్రకాన్' అనేవారు. యుద్ధం గెలిపించిన థెమిస్టొక్లీస్‌ని కూడా ఇలాగే పంపేశారు, ఆయన పేరు గీసిన పెంకులు తవ్వకాల్లో దొరికాయి. కథ అయ్యాక ఒక ఇంగ్లిష్ వాక్యం, పరీక్షలో వచ్చే తరహాలో: తోటి శాస్త్రవేత్తలతో విభేదించినందుకు ఆ పరిశోధకుణ్ణి అందరూ దూరం పెట్టారు అనే భావంతో. చివర మళ్లీ ఒక ప్రశ్న, ఈసారి తిరగేసి: 'వెలివేయడానికి ఇంగ్లిష్‌లో?' నాలుగు సెకన్లు. పదం. అయిపోయింది.

మొత్తం డెబ్భై, ఎనభై సెకన్లు. అందులో పదోవంతుకి పైగా మౌనమే.

ప్రతి పదానికీ ఇంత మంచి కథ ఉండదు. అలాంటప్పుడు తెలుగు మాటే కొక్కెం అవుతుంది. 'ఎనర్వేట్'లో 'నర్వ్' ఉంది, లాటిన్‌లో అది నరానికి, స్నాయువుకి వాడిన మాట. ఒంట్లోంచి నరం లాగేస్తే ఏమవుతుంది? మనిషి కూలబడతాడు. ఇది నిజమైన వ్యుత్పత్తే కాబట్టి అదృష్టం. నిజం కానక్కర్లేదు కూడా. రిచర్డ్ అట్కిన్సన్, మైకేల్ రా 1975లో 120 రష్యన్ పదాలతో చేసిన ప్రయోగంలో, రష్యన్ మాటకి ధ్వనిలో దగ్గరగా ఉండే ఇంగ్లిష్ మాటని పట్టుకుని, దాన్ని అర్థంతో కలిపి ఒక బొమ్మ ఊహించుకోమన్నారు. అలా చేసినవాళ్లకి 72 శాతం పదాలు గుర్తున్నాయి, చేయనివాళ్లకి 46 శాతం. ఈ పద్ధతికి కావలసింది ధ్వని పోలికే, అందుకే ఆడియోకి ఇది చక్కగా కుదురుతుంది. కాకపోతే నా 'ఎనర్జీ' పొరపాటు కూడా ధ్వని పోలికే! పోలిక మనకి తెలియకుండా తగులుకుంటే ముంచుతుంది, కావాలని కట్టుకుంటే మోస్తుంది. 'నాయిసమ్' అనే మాట వినగానే 'నాయిస్' గుర్తొస్తుంది, దాని అర్థం మాత్రం దుర్వాసన కొట్టే, రోత పుట్టించే అని. ఇలాంటి పదాల ఆడియోలో మొదటి వాక్యమే 'దీనికి శబ్దంతో సంబంధం లేదు' అని ఉండాలి.

మళ్లీ ఎప్పుడు వినాలి

జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లో ప్రచురించిన పుస్తకంలో మరుపు లెక్కలు ఉన్నాయి. అర్థం లేని అక్షరాల గుంపులు తనే బట్టీ పట్టి, కొంతకాలం ఆగి, మళ్లీ పట్టడానికి ఎంత టైమ్ తగ్గిందో కొలిచాడు. ఇరవై నిమిషాలకే ఆ ఆదా 58 శాతానికి, గంటకి 44 శాతానికి, రోజుకి సుమారు 34 శాతానికి పడిపోయింది. ఆ తర్వాత పడిపోవడం నెమ్మదించి, నెల తర్వాత కూడా 21 శాతం మిగిలింది. 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇదే ప్రయోగం మళ్లీ చేస్తే దాదాపు అలాంటి గీతే వచ్చింది. అర్థమున్న పదాలు ఇంత త్వరగా జారిపోవు. అయినా గీత ఆకారం గుర్తుపెట్టుకోదగ్గది: పెద్ద నష్టం మొదటి రోజులోనే.

ఈ సంగతిని ఆడియో పాఠాలకి తెచ్చినవాడు అమెరికన్ భాషా అధ్యాపకుడు పాల్ పిమ్స్‌లర్. 1967లో ఆయన రాసిన వ్యాసంలో కొత్త పదాన్ని మళ్లీ అడగవలసిన వ్యవధులు ఇలా ఉన్నాయి: 5 సెకన్లు, 25 సెకన్లు, 2 నిమిషాలు, 10 నిమిషాలు, గంట, 5 గంటలు, ఒక రోజు, 5 రోజులు, 25 రోజులు, 4 నెలలు, 2 ఏళ్లు. ప్రతి వ్యవధీ ముందుదానికి సుమారు ఐదు రెట్లు. ఈ అంకెల్ని తు.చ. తప్పకుండా పాటించడం ఎవరివల్లా కాదు, అవసరం కూడా లేదు. ఆలోచన మాత్రం బంగారం. జారిపోబోయే క్షణానికి కాస్త ముందు పట్టుకోవాలి, పట్టుకున్న ప్రతిసారీ తర్వాతి వ్యవధిని పెంచుకోవచ్చు.

చిన్న ఆడియోలకి అసలు లాభం ఇక్కడే కనిపిస్తుంది. నలభై నిమిషాల ఒకే ఫైల్ ఉంటే అందులో వచ్చిన పదాలూ రాని పదాలూ ఒకే లెక్కలో తిరుగుతాయి. వచ్చినవాటి మీద టైమ్ పోతుంది. పైగా వరస మారదు కాబట్టి, 'దీని తర్వాత అది' అనే గుర్తుతోనే సగం జవాబులు వచ్చేస్తాయి. నేను పడ్డ గుంటే ఇది. ఒక పదానికి ఒక ఫైల్ ఉంటే పేకముక్కల్లా కలిపేయవచ్చు. నేను తర్వాత చేసింది నాలుగు ఫోల్డర్లు: రోజూ వినేవి, మూడు రోజులకోసారి, వారానికోసారి, నెలకోసారి. ఖాళీలో సరిగ్గా చెప్పగలిగితే పదం పక్క ఫోల్డర్‌కి వెళ్తుంది. తప్పితే ఎక్కడున్నా సరే రోజువారీ ఫోల్డర్‌కి తిరిగొస్తుంది. ఇదేం కొత్త కనిపెట్టుడు కాదు, జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1970ల మొదట్లో అట్టముక్కలతో, పెట్టెలతో చెప్పిన పద్ధతే. అట్టముక్క స్థానంలో ఆడియో ఫైల్, అంతే తేడా. షఫుల్ ఆన్‌లో ఉంచడం మరిచిపోవద్దు.

రోజుకి కొత్తవి ఎన్ని? పది దాటితే నాకు కుదరలేదు. పది పదాలంటే మొదటిరోజు వినడానికే పావుగంట. నెల గడిచేసరికి పాతవి తిరిగి వచ్చేవే రోజుకి ముప్పై, నలభై అవుతాయి. మొదటివారం ఉత్సాహంలో రోజుకి యాభై ఎక్కించినవాళ్లు మూడోవారంలో ఆగిపోవడానికి కారణం బద్ధకం అనుకుంటారు. ఆ లెక్క ముందు చూసుకోకపోవడమే కారణం.

చెవి తప్పుదారి పట్టించే చోట్లు

జీఆర్ఈ, శాట్ కళ్లతో రాసే పరీక్షలు. వినే భాగమే లేదు. చెవితో నేర్చినదాన్ని తెరమీద గుర్తుపట్టలేకపోతే శ్రమంతా వృథా. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌కీ ఉచ్చారణకీ ఉన్న దూరం మనకి తెలియంది కాదు. 'ఎపిటమీ' అని విని నేర్చుకున్న మనిషికి, తెరమీద కనబడ్డ ఆ మాట 'ఎపిటోమ్' అనే ఇంకేదో పదంలా తోస్తుంది. 'హైపర్బలీ'ని 'హైపర్‌బోల్' అని చదువుకుంటాం. 'అరై' అని పలికే మాటని కళ్లు 'ఆరీ' అంటాయి. అందుకే ఏ పదాన్నైనా మొదటిసారి వినేటప్పుడు అక్షరాల్ని చూస్తూనే వినాలి. నడకలో వినడం రెండోసారి నుంచి.

ఒకేలా వినిపించి వేరే అక్షరాలతో ఉండే జంటలు ఇంకో తలనొప్పి. గుట్టుగా వ్యవహరించడం అనే అర్థం ఉన్న 'డిస్క్రీట్', విడివిడిగా ఉన్న అనే అర్థం వచ్చే 'డిస్క్రీట్' చెవికి ఒకటే. రెండు 'ఈ' అక్షరాలు పక్కపక్కన ఉంటే గుట్టు, మధ్యలో 'టీ' అక్షరం వచ్చి వాటిని విడదీస్తే విడివిడి. ఆ టీ గోడలా నిలబడి విడదీసిందని గుర్తుపెట్టుకోవచ్చు. ఈ ముక్క ఆడియోలో మాటల్లో చెప్పాల్సిందే.

తెలుగు చెవికి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. మనకి ఉన్నది ఒకే 'వ'. ఇంగ్లిష్‌లో 'వి'తో మొదలయ్యేదీ, 'డబ్ల్యూ'తో మొదలయ్యేదీ మనం ఒకేలా వింటాం, ఒకేలా పలుకుతాం. కాబట్టి మారుతూ ఉండటానికీ, జాగ్రత్తగా అనుమానంగా ఉండటానికీ మన నోట్లో ఒకటే 'వేరీ'. పదం పక్కన తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాసుకునే అలవాటు ఉన్నవాళ్లకి ఈ తేడా నోట్‌బుక్‌లోనే చెరిగిపోతుంది. పై పెదవి తగలకుండా కింది పెదవి పళ్లకి తగిలితే 'వి', రెండు పెదాలూ సున్నా చుడితే 'డబ్ల్యూ'. నిఘంటువు యాప్‌లో ఉచ్చారణ విని, అద్దంలో చూసుకుంటూ నాలుగుసార్లు అంటే పట్టుబడుతుంది.

మరోపక్క, కళ్లు దాచేసే తేడాని చెవి బయటపెట్టే సందర్భాలూ ఉన్నాయి. 'ఎప్రోప్రియట్' అంటే తగిన, 'ఎప్రోప్రియేట్' అంటే సొంతం చేసేసుకోవడం. కాగితం మీద రెండూ ఒక్కటే. అరవై సెకన్ల 'మినిట్', అతి సూక్ష్మమైన 'మైన్యూట్' కూడా అంతే. ఇలాంటివి చెవితో నేర్చుకున్నవాళ్లకి రెండు వేర్వేరు పదాలుగా తలలో ఉంటాయి, వాక్యంలో ఏది వచ్చిందో ఇట్టే తెలుస్తుంది.

పర్యాయపదాల్ని గుంపుగా నేర్చుకోవడం గురించి ఒక హెచ్చరిక. ఆరింట్లో రెండు ఎంచమనే ప్రశ్న ఉంది కాబట్టి, ఒకే అర్థం వచ్చే పదాలన్నీ ఒకే ఆడియోలో పెట్టేస్తే పని త్వరగా అవుతుందనిపిస్తుంది. థామస్ టింకమ్ 1990ల్లో చేసిన ప్రయోగాల్లో, అర్థంలో దగ్గరగా ఉండే కొత్త మాటల్ని ఒకేసారి నేర్పితే నేర్చుకోవడం కష్టమైందని తేలింది. అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. 'టాసిటర్న్', 'రెటిసెంట్', 'లకానిక్' మూడూ ఒకే రోజు వింటే మూడూ 'ఎక్కువ మాట్లాడని' అనే ముద్దలో కలిసిపోతాయి. వారం వారం తేడాతో ఒక్కొక్కటీ కుదురుకున్నాక, అప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒక రికార్డింగ్ చేసుకుంటే తేడా మెరుస్తుంది: మొదటిది స్వభావమే మాటలు తక్కువైన మనిషి, రెండోది మనసులో మాట బయటపెట్టక ముభావంగా ఉండే మనిషి, మూడోది రెండు ముక్కల్లో తేల్చి చెప్పేసే తీరు.

ఎవరి గొంతు, ఏ వేళ

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో కోలిన్ మెక్లౌడ్, నోవా ఫోరిన్ పదాల్ని నాలుగు రకాలుగా గుర్తుపెట్టుకోమని చూశారు. మౌనంగా చదవడం అన్నిటికంటే వెనకబడింది. ఇతరుల గొంతులో వినడం దానికంటే మేలు, తన గొంతు రికార్డు వినడం ఇంకాస్త మేలు, అప్పటికప్పుడు తనే పైకి చదవడం అన్నిటికంటే మేలు. తేడాలు పెద్దవేం కావు, కానీ వరస స్పష్టం. అందుకే రికార్డింగులు మీరే చేసుకోండి. పదానికి ఐదు నిమిషాలు పడుతుంది, అవి వృథా కావు: అర్థాన్ని ఒక్క తెలుగు ముక్కలోకి తేవడం, వాక్యం ఎంచడం, కథ కుదించడం, ఇదంతా చదువే. ఉచ్చారణ మాత్రం ముందు నిఘంటువులో వినాలి. తప్పు ఉచ్చారణని మన గొంతులోనే వందసార్లు వింటే దాన్ని తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం.

వినే వేళ గురించి ఒకే నియమం: చేతులకీ కాళ్లకీ పని ఉండొచ్చు, మాటలకి ఉండకూడదు. నడక, గిన్నెలు తోమడం, బట్టలు మడతపెట్టడం బాగానే కుదురుతాయి. మెసేజ్ టైప్ చేస్తూనో ఏదైనా చదువుతూనో వింటే, ఆ రెండు సెకన్ల ధ్వనుల భాగం కోసం రెండు పనులూ కొట్టుకుంటాయి. నిద్రలో వినిపించుకుంటే ఎక్కుతుందా అని చాలామంది అడుగుతారు. విలియం ఎమన్స్, చార్లెస్ సైమన్ 1956లో మెదడు తరంగాల్ని కొలుస్తూ, మనిషి నిజంగా నిద్రలో ఉన్నప్పుడే మాటలు వినిపించారు. పొద్దున లేచాక ఏమీ గుర్తులేవు. మెలకువలో నేర్చుకున్న పదాల్ని నిద్రలో మెల్లగా వినిపిస్తే కొంత బలపడతాయని 2015లో ష్రైనర్, రాష్ చూపించారు గానీ, అది ల్యాబ్‌లో నిద్ర దశని కనిపెడుతూ చేసిన పని. రాత్రంతా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నిద్ర పాడుచేసుకోవడానికి దాన్ని సాకుగా తీసుకోవద్దు.

ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే ఐఈఎల్‌టీఎస్‌కి చదివేవాళ్ల లెక్క కొంచెం వేరు. అక్కడ లిజనింగ్‌లో 40 ప్రశ్నలు, సుమారు 30 నిమిషాల ఆడియో, ఒక్కసారే వినిపిస్తారు. విన్న మాటని రాయమన్న ప్రశ్నల్లో సరైన స్పెల్లింగ్‌తో రాస్తేనే మార్కు. కాబట్టి వాళ్ల రికార్డింగుల్లో ఖాళీ వచ్చినప్పుడు అర్థం చెప్పడంతో ఆగకూడదు, కాగితం మీద పదం రాసి చూసుకోవాలి. వేర్వేరు యాసల గొంతులు కూడా కలపాలి, ఒకే గొంతుకి అలవాటుపడిన చెవి పరీక్షలో తడబడుతుంది.

పరీక్షకి చివరి పది రోజుల్లో నేను కొత్త ఆడియో ఒక్కటీ చేయలేదు. రోజువారీ ఫోల్డర్‌లో మొండికేసిన పదాలు ఇరవై ఏడు మిగిలాయి. వాటికి తెలుగు అర్థాలూ కథలూ తీసేసి, పదం, ఖాళీ, వాక్యం మాత్రం ఉంచాను. 'ఎనర్వేట్' అందులో లేదు. అది ఎప్పుడో నెలవారీ ఫోల్డర్‌కి వెళ్లిపోయింది. షఫుల్‌లో ఓ సాయంత్రం నడకలో అది వచ్చింది, ఖాళీ మొదలవకముందే 'సత్తువ లాగేయడం' అని పైకే అనేశాను.